పదిహేడు బోలు గోళ్లు

పడవలో ఊబి దాటి ఒడ్డెక్కేసరికి తెల్లవారింది. తెల్లవారిందని చెప్పుకోవాలే గానీ కాటుకకోట మీద వెలుగెక్కడిది? కోట నడుమ మాంత్రికుడి హోమగుండం ఎడతెగకుండా పొగ కక్కుతూనే ఉంటుంది. ఆ పొగ గోడల మీద పేరుకుని, బురుజుల మీద పేరుకుని, చివరికి వాన కురిసినా నల్లగానే కురుస్తుంది. చుట్టూ చెట్లున్నాయి, పిట్టలు లేవు. కందకంలో నీళ్లున్నాయి, చేపలు లేవు. ఏడుపు మాత్రం ఉంది. సన్నగా, పసిబిడ్డల ఏడుపులా, గోడల లోపలినుంచి వస్తూనే ఉంది.

"లోపల పసిపిల్లలున్నారా?" అన్నాడు జయమల్లుడు.

"పిల్లలు గాదు చిన్నదొరా, పిల్లులు" అన్నాడు ఓబులేసు.

జయమల్లుడు తుంగపట్నం యువరాజు. ఓబులేసు ఆ రాజ్యంలోనే పేరుమోసిన గజదొంగ. చెరసాలలో ఉన్నవాణ్ని యువరాజే విడిపించి వెంట తెచ్చుకున్నాడు. ఎంత ఎత్తు గోడైనా వాడికి మెట్లతో సమానం. పిల్లి పంజా చూసి చేయించుకున్న ఇనుప గోళ్ల జత ఒకటి ఎప్పుడూ వాడి నడుముకు వేలాడుతుంటుంది. వాటిని మణికట్టుకు కట్టుకుని గోడలెక్కుతాడు.

వాళ్లు వచ్చింది కువలయదేవి కోసం. కువలయ జయమల్లుడి చెల్లెలు. మాంత్రికుడు ఉల్కాముఖుడు తనను పెళ్లాడమని అడిగితే నిండుసభలో కాదంది. ఆ మాట నోట్లో ఉండగానే పిడికెడు బూడిద ఆమె మీద చల్లాడు. సింహాసనం పక్కన బూడిదరంగు పిల్లి మిగిలింది. దాన్ని చంకన పెట్టుకుని పొగలో కలిసిపోయాడు. అది జరిగి నెలలు గడిచాయి.

ఇవాళ అమావాస్య. మధ్యాహ్నం గంట మోగేలోగా ఆ పిల్లి గోళ్లన్నీ మొదలంటా పీకించి, నల్లతాడుకు గుచ్చి, ఉల్కాముఖుడు మెడలో వేసుకుంటాడు. జీవం ఉన్న గోరు ఒక్కోటీ ఒక్కో చావును ఆపుతుందట. తరవాత కువలయకు మనిషి రూపం వచ్చినా, చేతివేళ్లకు చివరి కణుపులు ఉండవు.

అయితే ఆ మాలకొక నియమం ఉంది. వేసుకునేవాడు తన చేత్తో గోళ్లు తీయకూడదు, తీస్తుంటే చూడకూడదు. అందుకని కొండదేశం నుంచి గోళ్లు పీకేవాణ్ని పిలిపించాడు. ఆ మనిషి ఊబికి అవతల కల్లుపాకలో ఓబులేసు పోసిన కల్లు తాగి ఇంకా నిద్రపోతున్నాడు. వాడి గొంగళి ఇప్పుడు జయమల్లుడి ఒంటి మీద ఉంది. వాడి సంచి ఓబులేసు భుజాన ఉంది. బెరడు ఒలవని తుమ్మదుంగ ఒకటి జయమల్లుడి చేతిలో ఉంది. దాని లోపల, తొలిచిన బొరియలో, తుంగపట్నం ఖడ్గం ఉంది.

కోటవాకిట్లో రాక్షసి కుంభోదరి కాళ్లు బారచాపుకుని కూర్చుని ఉంది. ఆమె పొట్టతోనే గుమ్మం సగం మూసుకుపోయింది.

"ఎవర్రా మీరు?"

"గోళ్లు పీకేవాళ్లం" అన్నాడు జయమల్లుడు గొంతు మార్చి.

"అయితే చెప్పు. పిల్లికి గోళ్లెన్ని?"

జయమల్లుడు తడుముకోలేదు. "నాలుగు కాళ్లు, కాలికి అయిదు. ఇరవై."

కుంభోదరి మెల్లగా లేచింది. ఆమె లేస్తుంటే నేల అదిరింది. ఓబులేసు పకపకా నవ్వి యువరాజు వీపు మీద ఒక్కటి చరిచాడు.

"సూడమ్మా, మా మేస్త్రి తెలివి! పొద్దున్నే తాగొద్దురా అంటే యింటాడా? తన కాళ్లూచేతులూ లెక్కబెట్టుకుంటాండాడు! పిల్లికి ముందరి కాళ్లకు అయిదేసి, ఎనక కాళ్లకు నాలుగేసి. పద్దెనిమిది. ముందరి కాలి అయిదోది పక్కన పైకి ఉంటాది, నేలకు తగల్దు. దాన్నే మేం బొటనగోరంటాం."

"తాగుబోతు ముండాకొడుకులు" అని కుంభోదరి మళ్లీ కూలబడింది. "ఆ దుంగ ఎందుకు?"

"పిల్లిని అదిమి పట్టేదానికి."

"పోండి. మధ్యాహ్నం గంటకు మాల సిద్ధం కాకపోతే మీ ఇద్దరి గోళ్లూ నేను పీకుతా. నోటితో."

లోపలికి అడుగుపెట్టారు. పొడవాటి రాతి నడవ. రెండు వైపులా వందల పిల్లులు. నల్లవి, తెల్లవి, చారలవి. ఒక్కటీ పరిగెత్తడం లేదు, ఒక్కటీ ఎగరడం లేదు. కాళ్లు నేలకు ఆనీ ఆనకుండా, నిప్పుల మీద నడిచినట్టు నడుస్తున్నాయి. ఒక ముసలి పిల్లి స్తంభం మీద పంజాలు వేసి గోకబోయింది. పంజాలు జారిపోయాయి. మళ్లీ వేసింది. మళ్లీ జారాయి. గోకడానికి ఏమీ లేదన్న సంగతి దానికింకా తెలిసినట్టు లేదు.

నడవ చివర ఒక నడివయసు మనిషి కాగు నుంచి గంజి వంచుతున్నాడు. కాగును రెండు మణికట్ల మధ్య నొక్కి పట్టుకున్నాడు.

"వంటోణ్ని. మాదన్న అంటారు" అన్నాడు తల ఎత్తకుండా. "యేణ్నీళ్లు గదిలో పెట్టినా. కానీండి. తొందరగా అయిపోతే దానికే మంచిది."

"మీ చేతులకేమైంది?" అన్నాడు జయమల్లుడు.

మాదన్న చేతులు చాపాడు. ప్రతి వేలూ చివరి కణుపు దగ్గర ఆగిపోయింది.

"నేనూ కొన్నాళ్లు పిల్లిగా ఉంటి. వంట బాగా చేస్తానని మళ్లా మనిషిని చేసినాడు. గోళ్లు మాత్రం ఆయన మెళ్లోనే అరిగిపోయినాయి. గోరు ఒక్కటే పీకితే మళ్లా వస్తాదనుకుంటారు అందరూ. పిల్లికి గోరొక్కటే రాదు సామీ. ఎముక కణుపు కూడా వస్తాది."

జయమల్లుడు నోరు తెరవబోతే ఓబులేసు ఆయన కాలు తొక్కాడు. ఇద్దరూ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

గది నేలంతా నున్నటి ఇత్తడి రేకు. గోడలూ ఇత్తడే. గరుకుగా ఉన్నది ఒక్కటీ లేదు. మూల దీపం కింద బూడిదరంగు పిల్లి ముడుచుకుని ఉంది. అన్నను చూసింది. లేచి నిలబడబోయి, ఎడమ ముందరి కాలు గాల్లోకి ఎత్తి, మళ్లీ కూలబడింది.

"కువలయా!"

చెయ్యి చాచాడు. సర్రుమని బుసకొట్టి ముంజేతి మీద నాలుగు గీతలు గీసింది. మరుక్షణం తనే భయపడి కళ్లు మూసుకుంది.

"కోపం గాదు దొరా, నొప్పి" అన్నాడు ఓబులేసు. నేల మీద బోర్లా పడుకుని, దగ్గరికి పోకుండా, చూశాడు. "ఆ ముండాకొడుకు కావాలనే ఇత్తడి గదిలో పెట్టినాడు. గోకేదానికి చెక్క లేకపోతే పిల్లి గోరు పెరుగుతానే ఉంటాది. ఆ బొటనగోరు సూడు. కొడవలి మాదిరి తిరిగి కాలికింది మెత్తలోకే దిగింది. దాన్ని తీయందే కాలు కింద పెట్టలేదు."

"గోళ్లు కాపాడటానికి వస్తే, ఇప్పుడు కత్తిరించమంటావా?"

"కత్తిరించడం వేరు, పీకడం వేరు. నీ గోళ్లు నువ్వు కత్తిరించుకోవా?"

ఓబులేసు పిల్లిని గొంగళిలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. తల మీద కాదు, దవడ కింద నిమిరాడు. జయమల్లుడు సంచిలోని గోరుకత్తెర అందుకున్నాడు.

తుంగపట్నం రాజులకు ఒక ఆనవాయితీ ఉంది. ఆయుధం ఎత్తితే ఒకటే వేటు. రెండో వేటు వేసినవాడు ఆ రోజే కత్తి కింద పెట్టేయాలి, మళ్లీ ముట్టకూడదు. పాలు మరవకముందే నేర్పే పాఠం అది. చెయ్యి దానంతట అదే ఆ పాఠం అప్పజెప్పింది. కత్తెర గోటి మొదట్లో పెట్టి, జయమల్లుడు ఒక్క వేటుకు నొక్కేశాడు.

కువలయ అరిచిన అరుపుకు గోడల ఇత్తడి జిల్లుమంది. గొంగళి మీద నెత్తురు చిమ్మింది.

"ఏం పని సేసినావయ్యా!" ఓబులేసు మొహం పాలిపోయింది. "కత్తనుకున్నావా అది? చెప్పేదాంక ఆగలేవా?"

సంచిలోంచి పసుపు తీసి, గుడ్డ మీద దట్టంగా వేసి, పంజాకు అదిమి పట్టాడు. పిల్లి గుండె గొంగళిలోంచి ఓబులేసు అరచేతికి కొట్టుకుంటోంది. జయమల్లుడు ఇత్తడి నేల మీద మోకాళ్ల మీద కూర్చుని చెల్లెలి మొహం చూడలేకపోయాడు.

నెత్తురు ఆగింది. మెత్తలో దిగిన చివరను ఓబులేసు మెల్లగా బయటికి లాగాడు. కాయ ఊడినట్టు ఊడి వచ్చింది. మొదట్లో నెత్తుటితో, ఇంకా వెచ్చగా ఉంది.

"ఇట్ల రా. సూడు" అన్నాడు. కుడి పంజా అందుకుని, పైన బొటనవేలూ కింద చూపుడువేలూ పెట్టి మెత్తను సుతారంగా నొక్కాడు. దాగి ఉన్న గోళ్లు బయటికి వచ్చాయి. వదిలాడు. లోపలికి పోయాయి. "నీ కత్తికి ఒర ఉన్నట్టే దీనికీ ఒర ఉండాది. లాగి తీయగూడదు, నొక్కితే తనే ఇస్తాది. ఇప్పుడు దీపానికి అడ్డం పెట్టి సూడు. ఏం కనపడతాది?"

"చివర గాజులా ఉంది. లోపల... ఎర్రటి దారంలాంటిది."

"ఆ ఎర్రదారమే పానం. అది గోటితో పాటే పెరుగుతాది. దానికి ఇవతలే ఆగాల. వంకీ తిరిగిన ముల్లు వరకే తీయాల. కొంచెం తీయి, సూడు. మళ్లా కొంచెం తీయి, సూడు. ఒక్క తూరి అయ్యే పని గాదిది."

జయమల్లుడు మళ్లీ కత్తెర అందుకున్నాడు. కుడి బొటనగోటి పైపొర అప్పటికే పగిలి ఉంది. ఓబులేసు వేలితో తోస్తే తొడుగులా ఊడి వచ్చింది. కింద కొత్త గోరు, అదీ మెత్త వైపే తిరిగింది. దాని చివర నూకగింజంత తీశాడు. దీపానికి పెట్టి చూశాడు. ఇంకో నూకగింజంత తీశాడు. కువలయ కదల్లేదు. ఒకే కన్ను తెరిచి అన్ననే చూస్తోంది.

ఓబులేసు మాత్రం ఊడిన తొడుగును అరచేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. వంకర ఉంది, మొన ఉంది, మెరుపు ఉంది. అచ్చం గోరే. లోపల మాత్రం ఏమీ లేదు.

"చిన్నదొరా! పిల్లి గోరు ఉల్లిపాయ మాదిరి. పైపొర ముదిరితే గోకి రాలగొట్టుకుంటాది. చెక్క లేక ఇన్నాళ్లూ అన్ని గోళ్లకూ ముదురుపొర అట్లనే ఉండిపోయింటాది. ఆ దుంగ ఇట్ల పెట్టు!"

తుమ్మదుంగను నేల మీద అడ్డంగా పెట్టి పిల్లిని వదిలారు. కువలయ వాసన చూసింది. కుంటుతూ దాని మీదికి ఒరిగింది. కుడి పంజా వేసింది. ఆ తరవాత నొప్పి మరిచి రెండోదీ వేసింది. బెరడు చీలికలు లేచాయి. ఇన్ని నెలల చెర, ఇన్ని నెలల కోపం ఆ దుంగ మీద తీర్చుకుంది. ఒక్కో తొడుగే ఊడి ఇత్తడి మీద గల్లుమంది. వెనక కాళ్లవి పళ్లతో కొరికి తనే లాగి పడేసింది.

అన్నీ ఏరితే పదిహేడు. అన్నీ బోలువే.

"ఒకటి తక్కువ" అన్నాడు జయమల్లుడు.

ఓబులేసు నెత్తుటి ముక్కను చూపించాడు. వేరే దారి లేదు. దాన్నీ కలిపారు. బోలు గోళ్లలో బరువు కోసం సంచిలోని మైనం నింపి, నల్లతాడుకు గుచ్చడం మొదలుపెట్టారు.

అంతలో తలుపు అవతల గొంతు వినిపించింది. ఇనుప గొలుసు రాతి మీద ఈడ్చినట్టుంది ఆ గొంతు. "ఏరా! ఒక్క అరుపే విన్నాను. మిగతా పదిహేడూ ఏవిరా?"

ఉల్కాముఖుడు! చూడకూడదని నియమం ఉంది గానీ వినకూడదని లేదు.

ఓబులేసు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దొంగతనానికి పోయి ఎవరైనా మేలుకుంటే పిల్లిలా కూయడం వాడికి అన్నప్రాశననాడు అబ్బిన విద్య. ఒకటి కూశాడు. ఇంకొకటి కూశాడు. గొంతు చీరుకుపోయేలా పదిహేడు అరుపులు అరిచి గోడకు చేరగిలబడ్డాడు.

తరవాత ఉల్కాముఖుడి గొంతు. "మాదన్నా! నువ్వు ఎరిగినవాడివి. ఇవి సరైన అరుపులేనా?"

మాదన్నకు నిజం అరుపు తెలుసు. తన గొంతులోంచి వచ్చిందే కదా.

"సరైనవే సామీ" అన్నాడు మాదన్న. "నాకు నావి గుర్తొచ్చినాయి."

మధ్యాహ్నం గంట మోగింది.

హోమశాలలో పొగ తప్ప ఏమీ కనపడదు. ఆ పొగలోంచి మొదట ఎర్రటి కళ్లు, తరవాత మంటలాంటి గడ్డం, తరవాత మనిషి. ఉల్కాముఖుడు వచ్చాడు. కుంభోదరి వెనక నిలబడింది. ఓబులేసు చేతుల్లో కువలయ, నాలుగు కాళ్లకూ కట్లు. ఆ కట్ల మీది ఎరుపు సంచిలోని పారాణి. ఎడమ కాలి కట్టు మీద మాత్రం నిజమైన నెత్తురే.

మాంత్రికుడు మాలను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు అరమోడ్చాడు.

"ఆహా! పచ్చి నెత్తురు! జీవం తొణికిసలాడుతోంది!" మెడలో వేసుకుని రొమ్ము విరుచుకున్నాడు. "పద్దెనిమిది చావులు దాటాను. ఒరే కొండోడా, నీ దుంగతో నా నెత్తిన కొట్టు. మాల పని చేస్తోందో లేదో చూద్దాం. చేస్తే నీకు సులువైన చావు ఇస్తాను."

జయమల్లుడు దుంగ ఎత్తాడు. నేలకేసి కొట్టాడు. తుమ్మ రెండుగా చీలి ఖడ్గం చేతికి వచ్చింది. గొంగళి జారిపోయింది. పొగలో మెరుపులా ఒక్క వేటు, మెడకు గురిపెట్టి!

ఖణేలుమంది. కత్తి రాతికి తగిలినట్టు వెనక్కి ఎగిరింది. మాలలో ఒక్క గోరు మాత్రం పొడిపొడిగా రాలిపోయింది. నెత్తుటి గోరు.

ఉల్కాముఖుడు నవ్వితే గుండంలో మంటలు లేచాయి. "తుంగపట్నం కత్తి! ఓరి యువరాజా, నువ్వా! అయిపోయిందిరా నీ వేటు! మీ వంశానికి రెండోది లేదుగా! ఇక కత్తి కింద పెట్టు. మీ తాత బొమ్మ ముందు ప్రమాణం చేసి ఉంటావే!"

జయమల్లుడి కత్తి నిజంగానే కిందికి వాలింది. ఎదురుగా ఓబులేసు చేతుల్లో చెల్లెలి ఎడమ పంజా వేలాడుతోంది. కట్టులోంచి ఎరుపు ఊరుతోంది. అది తన ఒక్క వేటు చేసిన పని.

రెండోసారి ఎత్తాడు.

ఉల్కాముఖుడి నవ్వు ఆగిపోయింది. మాల తడుముకున్నాడు. వేళ్ల మధ్య ఒక గోరు నలిగి మైనం బయటికి వచ్చింది. కెవ్వుమని చెయ్యి అడ్డం పెట్టాడు. కత్తి మెడదాకా పోలేదు. అడ్డం వచ్చిన చేతి వేళ్ల చివర్లు కోసుకుంటూ పోయింది. అయిదు కణుపులు నేల మీద పడ్డాయి. మాంత్రికుడు అరిచాడు. ఈసారి అరుపు నిజమైనదే. గిర్రున తిరిగి, పొగై, హోమగుండంలోకి దూకి మాయమైపోయాడు.

కుంభోదరి రంకె వేసి మీదికి ఉరికింది. ఓబులేసు నిప్పుల పళ్లెం ఆమె కాళ్లకు అడ్డంగా తన్నాడు. ఆమె పడిపోయిన చప్పుడుకు పైకప్పు బీటలు వారింది. ముగ్గురూ నడవలోంచి పరిగెత్తారు. వెనక రాళ్లు, ముందర పొగ, పక్కల కుంటుతున్న పిల్లులు.

కోటగోడ దగ్గర ఓబులేసు ఇనుప గోళ్లు మణికట్లకు బిగించి బల్లిలా పైకి పాకాడు. తాడు జారవిడిచాడు. జయమల్లుడు కువలయను వీపున కట్టుకుని ఎక్కాడు. ఎత్తు చూసి భయపడి ఆమె గోళ్లు దింపింది. చొక్కా దాటి చర్మంలోకి దిగాయి. ఆయన విదిలించుకోలేదు.

పైకి చేరి కిందికి చూస్తే పిల్లులన్నీ గోడ మొదట్లో గుమిగూడాయి. ఒక్కోటీ గోడకు పంజాలు వేస్తోంది, జారిపోతోంది. మాదన్న వాటి మధ్య నిలబడి ఉన్నాడు.

"మాదన్నా! తాడు పట్టుకో!" అన్నాడు జయమల్లుడు.

"దేంతో పట్టుకోవాల సామీ?" మాదన్న చేతులు ఎత్తి చూపించాడు. "నడుముకు కట్టుకోమంటావేమో. కట్టుకోను. నేనొస్తే వీటికి గంజి పోసేదెవరు? పోండి. వాడు చావలే. సాయంత్రానికి లేస్తాడు."

"తల తెగుంటే ఇక లేచేవాడు కాదు" అన్నాడు జయమల్లుడు పళ్లు కొరుకుతూ.

"తల తెగుంటే సెల్లెమ్మను మనిషిని సేసే మంత్రం ఎవురు సెప్పేది? నీ కత్తి తప్పడమే మేలైంది" అన్నాడు ఓబులేసు.

జయమల్లుడు రెండు వేట్లు వేసిన కత్తిని బురుజు మీద పెట్టేశాడు. దానికి దండం పెట్టి వెనుదిరిగాడు.

"అయ్యో దొరా! ఊబిలో మొసళ్లకు మీ ఆనవాయితీ తెలుసునా?" ఓబులేసు కత్తిని చటుక్కున తన నడుముకు దోపుకున్నాడు. "నా వంశంలో అట్లాటివేం లేవులే."

అవతలికి దిగబోయాడు. ఆగాడు. కిందనుంచి ముసలి పిల్లి ఒకటి వాణ్నే చూస్తోంది. వాడు గొణుక్కున్నాడు, తిట్టుకున్నాడు, మణికట్ల నుంచి ఇనుప గోళ్ల జత విప్పాడు. ఇరవై ఏళ్లుగా వాటిని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

"ఒరే మాదన్నా! ఇవి మణికట్టుకు కట్టుకునేవి. పళ్లతో బిగించుకో. వేళ్లతో పనిలేదు!"

విసిరేశాడు. కింద రాతి మీద గణగణమన్నాయి.

తాడు అవతలికి వేసుకుని ముగ్గురూ దిగారు. ఒడ్డున పడవ లేదు. కట్టిన మోకు మాత్రం ఉంది, చివర కాలి ఉంది. ఊబి అంతా అన్నం కుండలా కుతకుత ఉడుకుతోంది. ఆ ఉడుకులోంచి నల్లటి పొగ పాయలు అయిదు లేచి, వేళ్లలా వంగి, ఒడ్డును తడుముకుంటూ వాళ్లవైపే వస్తున్నాయి.

జయమల్లుడి చెయ్యి నడుము మీదికి పోయింది. అక్కడ కత్తి లేదు. కువలయ ఆయన భుజం మీదికి పాకి, దెబ్బతిన్న పంజాతో సహా గోళ్లన్నీ బయటికి తీసింది.

అప్పుడు వినిపించింది. గోడకు ఆవలివైపు, రాతి మీద ఇనుము గీరిన చప్పుడు.

ఒకసారి. కొంచెం ఆగి, ఇంకాస్త పైనుంచి, మళ్లీ ఒకసారి.